టీచరు పెట్టిన టోపీ



ఆహ్వానపత్రం చూసినవాళ్ళు గమనించే ఉంటారు. స్మారకోపన్యాసం అని ఉంది గానీ ఎవరి స్మారకమో లేదు. అది అచ్చుతప్పు కాదు. టీచరుగారు 34 ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పి రిటైరయ్యారు. శిష్యురాళ్ళు తలా కొంత వేసి జమచేసిన డబ్బుకి, పోయేముందు రెండు షరతులు పెట్టారు. ఎక్కడా తన పేరు వేయకూడదన్నది మొదటిది. రెండోది ఈ బల్ల మీదున్న స్టీలు డబ్బాకి సంబంధించింది. ముందు వరసలో పిల్లలు నా మొహం మానేసి ఆ డబ్బానే చూస్తున్నారంటే దాని సంగతి వాళ్ళకి తెలిసిందే. పెద్దవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

నిర్వాహకులు ఫోన్ చేసినప్పుడు, "పిల్లలు కూడా వస్తారు మేడమ్, ఏదైనా సస్పెన్స్ నవల తీసుకోండి" అన్నారు. సరేనన్నాను. కాకపోతే నేను తీసుకున్న నవలలో డిటెక్టివ్ లేడు, పెట్టెలో శవం లేదు. ఉన్నదల్లా ఒక టీచరమ్మ, ఆవిడ ఏరుకున్న ఆరుగురు ఆడపిల్లలు. ఏ హంతకుడి కథా నన్ను ఇంత భయపెట్టలేదు. బహుశా నేనూ ఒకప్పుడు ఒక టీచరుగారి "ఏరుకున్న పిల్ల"ని కావడం వల్లనేమో. ఆ ముక్క తర్వాత చెబుతాను.

నవల పేరు 'ది ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ'. రాసినావిడ మ్యూరియల్ స్పార్క్. 1918లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో పుట్టారు, 2006లో ఇటలీలో పోయారు. 1961 అక్టోబరులో 'ది న్యూయార్కర్' పత్రిక ఒక సంచిక దాదాపు మొత్తాన్ని ఈ కథకే ఇచ్చేసింది. అదే ఏడు పుస్తకంగా వచ్చింది. చిన్న పుస్తకం. విజయవాడ నుంచి హైదరాబాదు రైల్లో వెళ్ళేలోపు అయిపోతుంది. కానీ దిగాక కూడా దిగదు.

కథ జరిగేది 1930లలో, ఎడిన్‌బరోలో, మార్షియా బ్లేన్ బాలికల పాఠశాల అనే ఊహాజనితమైన బడిలో. మిస్ బ్రోడీకి నలభై ఏళ్ళు. పెళ్ళి కాలేదు. కాబోయేవాడు మొదటి ప్రపంచయుద్ధంలో, కాల్పుల విరమణకి వారం ముందు పోయాడు. తనకిప్పుడు నిండు ఈడు నడుస్తోందని, ఆ ఈడులో తన చేతికి చిక్కిన పిల్లలు అదృష్టవంతులని ఆవిడ నమ్మకం. పదేళ్ళ పిల్లల క్లాసు నుంచి ఆరుగుర్ని ఏరుకుంటుంది. వాళ్ళని ఇంటికి టీకి పిలుస్తుంది, నాటకాలకి తీసుకెళుతుంది, ఇటలీ చిత్రకారుడు జొట్టో గురించి చెబుతుంది, తన ప్రేమకథలు చెబుతుంది, ముస్సోలినీ ఎంత గొప్పవాడో చెబుతుంది. సిలబస్‌లో ఉన్నది మాత్రం ఎప్పుడో గాని చెప్పదు.

బడిలో ఈ ఆరుగురినీ చూడగానే గుర్తుపట్టచ్చు. టోపీ వల్ల. బడి రూలు ప్రకారం అందరూ ఒకే రకం టోపీ పెట్టుకోవాలి. బ్రోడీ పిల్లలు మాత్రం తలా ఒక తీరున, అంచు వంచి ఒకరు, ఎత్తి ఒకరు, వెనక్కి నెట్టి ఒకరు పెట్టుకుంటారు. మేం అందరిలాంటి వాళ్ళం కాదని చెప్పడం అది. ఇలా వేరుగా ఉండే ఆరుగురినీ ఒక్కచోట నిలబెడితే మళ్ళీ ఒక యూనిఫారమే కనిపిస్తుంది. మన భాషలో టోపీ పెట్టడమంటే ఏమిటో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. పాపం స్పార్క్‌కి తెలిసే వీల్లేదు.

ఒక్క సన్నివేశం దగ్గరగా చూద్దాం. ఎండగా ఉందని మిస్ బ్రోడీ క్లాసుని ఆవరణలో చెట్టు కిందకి తీసుకొచ్చింది. చరిత్ర పాఠం. పిల్లలు పుస్తకాలు చేతుల్లో పైకెత్తి పట్టుకోవాలి. ఎందుకంటే ఎవరైనా వస్తే, చదువుతున్నారనుకోవాలి. ఆ ఎత్తిన పుస్తకాల చాటున ఆవిడ చెబుతున్నది చరిత్ర కాదు, యుద్ధంలో పోయిన తన ప్రియుడి కథ. పిల్లలకి కళ్ళనీళ్ళు తిరుగుతున్నాయి. అంతలో హెడ్మిస్ట్రెస్ మిస్ మెకే అటు వచ్చింది. ఏడుస్తున్నారేమని అడిగింది. చరిత్ర పాఠంలో ఒక కథకి కరిగిపోయారని బ్రోడీ తడుముకోకుండా చెప్పింది. మిస్ మెకే వెళ్ళిపోయాక, ఎవరూ నోరు విప్పనందుకు పిల్లల్ని మెచ్చుకుంది. మాట వెండి, మౌనం బంగారమని చెప్పి, వెంటనే ఒక పిల్ల వైపు తిరిగి, నేనేమన్నానో చెప్పు అంది. ఆ పిల్ల పేరు మేరీ మెక్‌గ్రెగర్. భయపడుతూ "బంగారం" అంది.

ఇంత చిన్న సన్నివేశంలో పని ఎంత జరిగిపోయిందో చూడండి. పదేళ్ళ పిల్లలకి టీచరు ఒక రహస్యం ఇచ్చింది. పెద్దవాళ్ళ దుఃఖం అంటగట్టింది. అబద్ధంలో భాగస్థుల్ని చేసింది, ఆ భాగస్వామ్యానికి బహుమతిగా మెప్పు ఇచ్చింది. హెడ్మిస్ట్రెస్‌ని శత్రువుగా నిలబెట్టింది. చివర్లో ఎవరు తెలివితక్కువో అందరి ముందూ తేల్చింది. ఒక్క దెబ్బ కొట్టలేదు, గొంతు పెంచలేదు. ఏ పిల్ల ఇంటికి వెళ్ళి అమ్మతో ఏం చెప్పగలదు? "టీచరు మాకు కథ చెప్పింది, మేం ఏడ్చాం" అని. అమ్మ "మంచి టీచరమ్మా" అంటుంది.

నిజానికి మంచి టీచరే. అక్కడే ఉంది చిక్కు. నవలలో మిగతా టీచర్ల పాఠాలు చప్పగా ఉంటాయి. మిస్ మెకే కూడా ధర్మదేవతేం కాదు, బ్రోడీ ఉద్యోగం ఎలా ఊడగొట్టాలా అని ఆ పిల్లల్నే పలకరించి కూపీ లాగుతూ ఉంటుంది. స్పార్క్ చదివిన జేమ్స్ గిలెస్పీ బాలికల బడిలో క్రిస్టీనా కే అనే టీచరు ఉండేవారు. బ్రోడీకి మూలం ఆవిడే. స్పార్క్‌నీ, ఆమె స్నేహితురాలినీ వెంటబెట్టుకుని అన్నా పావ్లొవా నృత్యం చూపించారు. క్లాసు గోడ మీద ఇటలీ చిత్రాల పక్కన ముస్సోలినీ సైనికుల బొమ్మ కూడా అంటించారు. ఈ పిల్ల రచయిత్రి అవుతుందని ఎంత గట్టిగా చెప్పేవారంటే, తనకి ఇక వేరే దారేదీ ఉన్నట్టు అనిపించలేదని స్పార్క్ 1992లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ మాటలో కృతజ్ఞత ఎంతో, చిన్న వణుకు కూడా అంతే ఉందని నాకనిపిస్తుంది. క్రిస్టీనా కే పిల్లల జీవితాల్లోకి బ్రోడీలా చొరబడిన మనిషి కాదు. స్పార్క్‌కి ఆవిడంటే ప్రేమ. కానీ ఆ ప్రేమలోంచే ఆ భయాన్ని తవ్వి తీసి నవల రాసింది. అభిమానించే టీచరు గురించి ఇంత నిర్దాక్షిణ్యంగా రాయగలగడం, ఆ టీచరు బాగా చెప్పిందనడానికి సాక్ష్యమో కాదో మీరే తేల్చుకోండి.

ఇక బ్రోడీ చేసే అసలు పని. ఆమె ఒక్కొక్క పిల్లకీ ఒక్కొక్క ముద్ర వేస్తుంది. మోనికా లెక్కలకీ కోపానికీ, యూనిస్ జిమ్నాస్టిక్స్‌కీ, జెన్నీ అందానికీ, రోజ్ ఆకర్షణకీ, శాండీ లోచూపుకీ. మేరీ మొద్దుతనానికి. ఇవన్నీ చూసి కనిపెట్టిన గుణాలు కావు. ముందే రాసిపెట్టిన రాతలు. మనం నుదుటి రాత అంటాం, అది బ్రహ్మ రాస్తాడంటాం. ఎడిన్‌బరోలో దానికి వేరే పేరుంది. జాన్ నాక్స్ తెచ్చిన కాల్విన్ మతం ప్రకారం ఎవరు తరిస్తారో, ఎవరు నరకానికి పోతారో దేవుడు సృష్టికి ముందే తేల్చేశాడు. మనిషి ఏం చేసినా మారదు. కొందరు ఎన్నుకోబడ్డవాళ్ళు, అంతే. బ్రోడీ ఆ మతాన్ని నమ్మదు, ఆదివారం ఆదివారం ఒక్కో చర్చికి తిరుగుతుంది. కానీ లోపల్లోపల తానే ఆ దేవుడిననుకుంటోందని శాండీ పసిగడుతుంది. ఆ ఊళ్ళో పుట్టి, తర్వాత 1954లో కాథలిక్కు అయిన స్పార్క్ తప్ప ఇంకొకరు ఈ సంగతి ఇంత సూటిగా పట్టుకోగలిగేవారు కాదేమో.

బ్రోడీ తాను విలియం బ్రోడీ వంశంలోదాన్నని గొప్పగా చెప్పుకుంటుంది. ఆయన నిజంగా ఉన్న మనిషి. 18వ శతాబ్దంలో ఎడిన్‌బరోలో పేరున్న వడ్రంగి, నగరసభ సభ్యుడు. పగలు పెద్దమనిషి, రాత్రి దొంగ. 1788లో ఉరితీశారు. స్టీవెన్‌సన్ 1886లో రాసిన జెకిల్, హైడ్ కథ వెనక ఈయన నీడ ఉందంటారు. అలాంటి తాతని చెప్పుకుని మురిసే టీచరుని చూసి పిల్లలు ఎలా భయపడాలో అలా భయపడలేదు. నాకు చిరకాలంగా ఆశ్చర్యం కలిగించే సంగతుల్లో ఇదొకటి.

దీన్ని థ్రిల్లరని ఎందుకంటున్నానో చెప్పాలి. మామూలు సస్పెన్స్ కథలో చివరి పేజీ దాకా దాచిపెట్టే ముక్కని స్పార్క్ ముందే బల్ల మీద పెట్టేస్తుంది. మేరీ 23వ ఏట ఒక హోటల్లో మంటల్లో చిక్కుకుని చనిపోతుందని, ఆ "బంగారం" అన్న మాట చెప్పిన వాక్యంలోనే చెబుతుంది. శాండీ తర్వాత సన్యాసిని అవుతుందని చెబుతుంది. బ్రోడీని ఎవరో పిల్ల పట్టిస్తుందని చెబుతుంది. పట్టించింది శాండీయేనని, పుస్తకం ఇంకా చాలా మిగిలి ఉండగానే చెప్పేస్తుంది. ఇక ఉత్కంఠ ఎక్కడ? ఎందుకు పట్టించిందన్న దగ్గర. ఆ ఎందుకనేది నెమ్మదిగా, వెనక్కీ ముందుకీ నడుస్తూ బయటపడుతుంది. మనకి పిల్లల రేపు తెలిసిపోయింది, పిల్లలకి తెలియదు. ప్రతి నవ్వులాట సన్నివేశం మీదా ఆ తెలిసిన రేపు నీడలా పడుతుంది. పాఠకుడిని కూడా స్పార్క్ కాసేపు ఆ భవిష్యత్తు తెలిసిన దేవుడి కుర్చీలో కూర్చోబెడుతుంది. ఆ కుర్చీలో సుఖంగా లేదని తెలియజేయడానికేననుకుంటాను.

ఎందుకు పట్టించిందన్నది క్లుప్తంగా చెబుతాను, పూర్తిగా చెబితే మీరు పుస్తకం చదవరు. బ్రోడీకి డ్రాయింగు మాస్టరు టెడ్డీ లాయిడ్ మీద ప్రేమ. ఆయన పెళ్ళయినవాడు, పిల్లలున్నవాడు, యుద్ధంలో ఒక చెయ్యి పోయినవాడు. ఆ ప్రేమని తాను వదులుకుంది గానీ, తన బదులు రోజ్ దాన్ని సాగించాలని, ఆ సంగతులు శాండీ తనకి చేరవేయాలని ఏళ్ళ తరబడి పథకం వేస్తుంది. ఇద్దరు పిల్లల బతుకులు తన అసంపూర్తి కథకి అధ్యాయాలు. అది ఆమె అనుకున్నట్టు జరగదు. లాయిడ్ ఏ పిల్ల బొమ్మ గీసినా ఆ మొహంలో మిస్ బ్రోడీ కనిపిస్తుంది. ఆ చిత్రాల వరస చూడగానే ఒళ్ళు జలదరిస్తుంది. హంతకుడి కత్తి కన్నా భయంకరమైనది అది. ఆరుగురు పిల్లలు, అందరి మొహాల్లోనూ ఒక్కతే మనిషి.

బ్రోడీ ఏరుకున్న ఆరుగురిలో లేని పిల్ల ఇంకొకతె ఉంది, జాయిస్ ఎమిలీ. ఎలాగైనా బ్రోడీ దగ్గర చేరాలని తహతహలాడిన పిల్ల. స్పెయిన్‌లో అంతర్యుద్ధం జరుగుతోంది. నువ్వు వెళ్ళి ఫ్రాంకో పక్షాన పోరాడు అని బ్రోడీ ఎక్కించింది. పిల్ల వెళ్ళింది. పోరాడే అవకాశం కూడా రాలేదు, రైలు మీద దాడి జరిగి చనిపోయింది. ఆ సంగతి మాటల మధ్య బ్రోడీ నోటే శాండీకి తెలుస్తుంది. ఆ తర్వాతే శాండీ మిస్ మెకే దగ్గరకి వెళ్ళి, ఆడవాళ్ళ మగవాళ్ళ సంగతుల్లో ఆవిడ దొరకదు, రాజకీయం సంగతి చూడండి అంటుంది. 1939లో బ్రోడీ ఉద్యోగం పోయింది. తనని పట్టించింది ఎవరా అని ఆలోచిస్తూ 1946లో, 56వ ఏట కన్నుమూసింది.

1969లో రోనాల్డ్ నీమ్ దీన్ని సినిమా తీశారు. బ్రోడీగా మాగీ స్మిత్, దానికి ఆస్కార్ వచ్చింది. ఇక్కడి పిల్లలకి ఆవిడ హ్యారీ పోటర్‌లో మెక్‌గొనగల్ టీచరు. ఆ కఠినమైన, నమ్మదగ్గ మెక్‌గొనగల్‌ని చూసిన కళ్ళతో ఈ బ్రోడీని చూడండి, టీచరు పాత్రకి ఎన్ని మొహాలుంటాయో ఒకే మనిషిలో కనిపిస్తుంది. సినిమాలో పిల్లలు ఆరుగురు కాదు, నలుగురే. స్పెయిన్ వెళ్ళి చచ్చిపోయేది మేరీయే. శాండీ చివర్లో బ్రోడీ ఎదుట నిలబడి మొహం మీదే అడుగుతుంది. తెరకి అది బావుంది. పుస్తకంలో మాత్రం ఆ నిలదీత ఎప్పుడూ జరగదు. నాకు పుస్తకమే నచ్చింది. మన జీవితాల్లో కూడా అలాంటి టీచర్ల ఎదుట నిలబడి అడిగినవాళ్ళు ఎంతమంది?

ఇప్పుడు మనింటి కథ ఒకటి. ద్రోణుడూ ఏకలవ్యుడూ అనగానే బొటనవేలు గుర్తొస్తుంది, అది అందరికీ తెలిసిందే. ఆదిపర్వంలో దానికి ముందు రెండు చిన్న సంగతులున్నాయి, అవి ఎవరూ చెప్పరు. ద్రోణుడు శిష్యులందర్నీ నీళ్ళు తెమ్మని పంపేవాడు. అందరికీ సన్న మూతి కమండలాలు ఇచ్చేవాడు, కొడుకు అశ్వత్థామకి మాత్రం వెడల్పు మూతి కుండ. అది త్వరగా నిండుతుంది, వాడు ముందు వస్తాడు, మిగతావాళ్ళు వచ్చేలోపు వాడికి అదనపు పాఠం. అర్జునుడు దాన్ని పసిగట్టి, వారుణాస్త్రంతో కమండలం నింపుకుని అశ్వత్థామతో పాటే వచ్చేవాడు. ఇంకోటి, చీకట్లో అర్జునుడికి అన్నం పెట్టవద్దని ద్రోణుడు వంటవాడికి చెప్పాడు. ఒక రాత్రి గాలికి దీపం ఆరిపోయింది. చీకట్లో కూడా చెయ్యి నోటికే వెళుతోందని అర్జునుడు గమనించి చీకట్లో బాణాలేయడం నేర్చుకున్నాడు. ఆ తర్వాతే నీ అంత విలుకాడు లోకంలో ఉండడని గురువు మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకోడానికే ఏకలవ్యుడి వేలు. వేలు కోయించిన చెయ్యి కన్నా, కుండ మూతి వెడల్పు నిర్ణయించిన చెయ్యి నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. పక్షపాతం ఎప్పుడూ కత్తితో మొదలవదు, కుండతో మొదలవుతుంది.

మన ఇంటర్మీడియట్ కాలేజీల్లో వారం వారం పరీక్షలు పెట్టి, మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే పద్ధతి ఇక్కడున్న తల్లిదండ్రులు ఎరుగుదురు. పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కి మిగిలినవాళ్ళు. జూన్ నెలలో టీవీ పెడితే ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు వల్లించే ప్రకటనలు. ఆ ఫొటోల్లో ఉన్న పిల్లల్ని ఎవరు ఏరారో, ఏ కుండ ఇచ్చారో అడగం. ఫొటోలో లేని పిల్లల లెక్క ఎవరూ వేయరు.

1964లో అమెరికాలోని దక్షిణ శాన్‌ఫ్రాన్సిస్కోలో రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జాకబ్సన్ అని ఇద్దరు ఒక ప్రాథమిక పాఠశాలలో ప్రయోగం చేశారు. జాకబ్సన్ ఆ బడికి ప్రిన్సిపాల్. పిల్లలందరికీ ఒక పరీక్ష పెట్టి, దాంట్లో ఫలానా పిల్లలు త్వరలో వికసిస్తారని తేలిందని టీచర్లకి పేర్లు ఇచ్చారు. ప్రతి ఐదుగురిలో ఒకరు. ఆ పేర్లు పరీక్షలోంచి రాలేదు, చీటీలేసినట్టు తీసినవి. ఏడాది తర్వాత చూస్తే ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లల తెలివి మార్కులు తక్కినవాళ్ళ కంటే బాగా పెరిగాయి. 1968లో పుస్తకం వేశారు. ఆ లెక్కల మీద తర్వాత చాలామంది గట్టిగా తప్పులు పట్టారు, ఆ తగాదా ఇంకా తెగలేదు. నాకు మాత్రం దాంట్లో ఒక మూల పడి ఉన్న మరో సంగతి ముఖ్యం. జాబితాలో పేరు లేకపోయినా సొంతంగా ఎదిగిన పిల్లలు కొందరున్నారు. ముఖ్యంగా వెనకబడ్డ సెక్షన్లలో. వాళ్ళు ఎంత ఎదిగితే టీచర్లు వాళ్ళని అంత తక్కువ మెచ్చుకున్నారు. టీచరు రాయని రాత రాసుకున్నందుకు కోపం కాబోలు.

పిల్లల్ని ఒక గుంపుగా కట్టడం ఎంత తేలికో 1967లో కాలిఫోర్నియా పాలో ఆల్టోలో రాన్ జోన్స్ అనే చరిత్ర టీచరు చూపించాడు. నాజీలు జర్మనుల్ని ఎలా ఆకట్టుకున్నారో అర్థం కావాలని క్లాసులో క్రమశిక్షణ, ఒక ప్రత్యేకమైన సెల్యూట్, ఒక ఉద్యమం పేరు పెట్టాడు. వారం తిరిగేలోపు క్లాసు దాటి బడంతా పాకింది. తనే భయపడి ఆపేశాడు. బ్రోడీ ఆపలేదు. ఆవిడకి బాలికల గైడ్స్ అంటే, జట్టు స్ఫూర్తి అంటే అసహ్యం. తన పిల్లలు గుంపులో కలిసేవాళ్ళు కారంటుంది. ముస్సోలినీ కవాతు బొమ్మ చూసిన శాండీకి, పాత ఎడిన్‌బరో వీధుల్లో బ్రోడీ వెనక నడుస్తున్న ఆరుగురూ అచ్చం ఆ కవాతులా కనిపించారు.

ఇప్పుడు నేను దాచిపెట్టిన ముక్క. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా తెలుగు మేడమ్‌కి నేనంటే ఇష్టం. ఆవిడ పేరు, బడి పేరు, ఊరి పేరు చెప్పను. ఆవిడ నోట్సులు స్టాఫ్ రూముకి మోసేదాన్ని నేనే. ఫ్లాస్కు తెచ్చేదాన్ని నేనే. మేడమ్ క్లాసులో లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే పెత్తనం నాది. సుద్దముక్క చేతిలో ఉన్నప్పుడు వేళ్ళకి అంటుకునే ఆ తెల్లపొడి గుర్తుందా మీకు? నాకు ఇప్పటికీ ఆ వాసన తెలుస్తుంది. మా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. మేడమ్ ఆమెని "మా మొద్దు" అనేవారు, కోపంగా కాదు, ముద్దుగానే. అందరం నవ్వేవాళ్ళం. ఆ అమ్మాయీ నవ్వేది. బోర్డు మీద ఎవరి పేరూ లేకపోతే ఖాళీగా ఉంటుందని, ఆమె పేరు రాసేదాన్ని. మాట్లాడినా, మాట్లాడకపోయినా. ఆమె ఎప్పుడూ కాదనలేదు. ఇప్పుడామె ఎక్కడుందో నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం ఎన్నడూ చేయలేదు.

పదేళ్ళ తర్వాత ఎం.ఏ.లో ఈ నవల చదివితే నేను మొదట శాండీనే వెతుక్కున్నాను. తెలివైన పిల్ల, చివరికి తిరగబడిన పిల్ల. మనమందరం శాండీలమనుకుంటాం. మూడోసారి చదివినప్పుడు గాని నేను ఆ బోర్డు దగ్గర నిలబడ్డ పిల్లనని అర్థం కాలేదు. శాండీ కూడా మేరీని పట్టించుకోదు. ఒకసారి మేరీతో దయగా మాట్లాడదామనుకుని, అలా చేస్తే తానూ గుంపు బయట పడతానని భయపడి, వెంటనే మేరీని గిల్లినట్టు మాట్లాడుతుంది. బ్రోడీ సూటిగా చేసిన అన్యాయం కంటే, ఏరుకున్న పిల్లల చేత ఏరుకోని పిల్లకి చేయించిన అన్యాయమే ఎక్కువ.

మేరీ సైన్సు క్లాసులో ఒకరోజు మెగ్నీషియం తెల్లగా భగ్గుమంటుంది. బల్లల మధ్య సందులో మేరీ అటు పరిగెత్తుతుంది, అక్కడా మంట, ఇటు పరిగెత్తుతుంది, ఇక్కడా మంట.  ఏళ్ళ తర్వాత హోటల్ కారిడార్లో కూడా ఆమె అలాగే అటూ ఇటూ పరిగెత్తి చనిపోతుంది. ఆ చావుకి కొన్నాళ్ళ ముందు, తన మనిషి వదిలేసి వెళ్ళాక, ఆమె తన జీవితంలో సుఖంగా ఉన్న రోజులేవా అని తలచుకుంటుంది. మిస్ బ్రోడీ క్లాసులో కూర్చుని ఆ కథలు విన్న రోజులే గుర్తొస్తాయి. నాకు నవలలో అన్నిటికన్నా భయంకరంగా తోచిన పేరా ఇది. తిట్లు తిన్న పిల్లకి కూడా అదే సుఖం. మా క్లాసు మొద్దు కూడా మా మేడమ్‌ని అలాగే తలచుకుంటుందేమో. అలా తలచుకుంటే మా మేడమ్ తప్పు తగ్గిపోదు, నాదీ తగ్గదు.

టీచరుగారి రెండో షరతు సంగతి చెప్పి ముగిస్తాను. ఈ నిధి నుంచి ప్రతి ఏటా ఒక పిల్లకి, తనకి నచ్చిన పుస్తకాలు కొనుక్కోడానికి బహుమతి ఇవ్వాలి. ఫస్టు వచ్చిన పిల్లకి కాదు, టీచర్లు సిఫారసు చేసిన పిల్లకి కాదు, వ్యాసరచన పోటీలో గెలిచిన పిల్లకి కాదు. ఎనిమిదో తరగతి మొత్తం రోల్ నంబర్లు చీటీలు రాసి డబ్బాలో వేసి ఒకటి తీయాలి. నేను ఒకసారి ఆవిడని అడిగాను, ఇదేం పద్ధతి మేడమ్, కష్టపడి చదివిన పిల్ల చిన్నబుచ్చుకోదా అని. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, "ఏ పిల్ల ఏమవుతుందో నేను 34 ఏళ్ళు చెబుతూనే వచ్చాను. ఒక్కదాని విషయంలో కూడా సరిగ్గా చెప్పలేదే" అన్నారు. అని నవ్వారు. నేను నవ్వలేదు.

ఇదిగో, డబ్బా మూత తీస్తున్నాను. ఎవరైనా చిన్నపిల్ల వచ్చి చీటీ తీయండి. కళ్ళు మూసుకోనక్కర్లేదు, అన్నీ ఒకేలా మడిచారు.

31. ఎనిమిదో తరగతి, బి సెక్షను. ఎవరమ్మా? ఆ చివరి వరసలో గోడ పక్కన ఉన్న అమ్మాయివా? రా తల్లీ, వచ్చి తీసుకో.